ఆస్వాల్డ్ ఏవరీ

ఇరువదవ శతాబ్దపు తొలిదినములలో నిమోనియా యను పేరు వినినంతనే తల్లిదండ్రుల గుండె ఝల్లుమనుచుండెను. నిన్నటివఱకు ఆరోగ్యముతో తిరుగాడిన యువకుడు నేడు వణకు పుట్టించు జ్వరముతో మంచమెక్కును. ఱొమ్మున పొడిచినట్లు నొప్పి, వడివడిగా ఊపిరి, ఇనుపత్రుప్పు రంగు కఫము దాని లక్షణములు. ఏడెనిమిది దినములు గడచిన పిదప జ్వరము చెమటలు పోసి ఒక్కసారిగా దిగునో, లేక ప్రాణమునే హరించునో ముందుగా చెప్పగలవారు లేకుండిరి. వైద్యుడు మంచము ప్రక్కన గూర్చుండి నాడి చూచుచు, ఇంటివారికి ధైర్యము చెప్పుట తప్ప అధికముగా చేయగలిగినది లేదు.

ఈ వ్యాధిని జయింపవలెనని ఒక వైద్యుడు ముప్పదియైదు సంవత్సరములు ఒకే ప్రయోగశాలలో, ముఖ్యముగా ఒకే సూక్ష్మజీవిని పట్టి పరిశోధించెను. ఆయన తలపెట్టిన పని ఒకటి. చేతికి చిక్కిన ఫలము మఱియొకటి. ఒక సూక్ష్మజీవి గుణము వేఱొక సూక్ష్మజీవికి సంక్రమించినపుడు ఆ గుణమును మోసికొనిపోవు పదార్థమేదో ఆయన కనుగొనెను. ఒకనాడు అద్భుతముగా పనిచేసిన మందులు నేడు కొన్ని సూక్ష్మజీవులయెదుట ఏల ఓడిపోవుచున్నవని అడిగినచో, ఆ సమాధానమును ఆయన పరీక్షనాళికలయొద్దనే మొదలుపెట్టవలసియున్నది. ఆయన పేరు ఆస్వాల్డ్ థియొడోర్ ఏవరీ.

ఏవరీ 1877వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన కెనడా దేశమునందలి హాలిఫాక్స్ పట్టణమున జన్మించెను. తండ్రి జోసెఫ్ ఫ్రాన్సిస్ ఏవరీ ఇంగ్లాండునుండి వచ్చి అక్కడ స్థిరపడిన క్రైస్తవ మతబోధకుడు. తల్లి పేరు ఎలిజబెత్. బాలునకు పదేండ్లు వచ్చుసరికి, అనగా 1887లో, ఆ కుటుంబము న్యూయార్కు నగరమునకు తరలిపోయెను. తండ్రికి లభించిన చర్చి నావికులును, బీదలును కిక్కిఱిసియుండు పేటలో నుండెను. అన్నయైన ఎర్నెస్టుతో కలసి ఏవరీ కార్నెట్ అను బూరను వాయించుట నేర్చుకొని, ఆదివారములందు చర్చి మెట్లమీద నిలిచి వాయించుచు, దారిని పోవువారిని ప్రార్థనకు పిలుచుచుండెడివాడు. కాని ఆ సంతోషము ఎంతోకాలము నిలువలేదు. 1892వ సంవత్సరమున అన్నయు, తండ్రియు ఒకరి తరువాత నొకరు మరణించిరి. పదునైదేండ్లయిన నిండీనిండని ఆ బాలుడే ఇంటికి పెద్దకొడుకయ్యెను. తమ్ముడు రాయ్ అప్పటికి చిన్నవాడు.

తల్లి ధైర్యము విడువక బిడ్డలను చదివించెను. ఏవరీ కోల్గేట్ కళాశాలలో చేరి 1900లో పట్టమును పొందెను. అక్కడ ఆయన మిక్కిలి శ్రద్ధతో అభ్యసించినవి సాహిత్యము, వక్తృత్వము, విజ్ఞానశాస్త్రములు కావు. కళాశాల బ్యాండునకు ఆయనయే నాయకుడు. అట్టివాడు హఠాత్తుగా వైద్యవిద్యలో ప్రవేశించి, 1904లో కొలంబియా విశ్వవిద్యాలయమునుండి వైద్యుడై వెలువడెను. కొంతకాలము రోగులను చూచెను గాని, ఆ పని ఆయనకు తృప్తినీయలేదు. ఊపిరితిత్తుల వ్యాధితో వచ్చినవారికి తాను చేయగలిగినది ఏమియు లేకపోవుట ఆయన మనస్సును పీడించెను. కనుక 1907లో వైద్యవృత్తిని విడిచి, బ్రూక్లిన్‌లోని హోగ్లాండ్ ప్రయోగశాలలో సూక్ష్మజీవశాస్త్ర పరిశోధకుడుగా చేరెను. 1913లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ పరిశోధనాసంస్థవారి ఆస్పత్రికి వచ్చెను. ఆ తరువాత ముప్పదియైదేండ్లు ఆయన జీవితమంతయు అక్కడనే గడచెను.

నిమోనియాను కలిగించు సూక్ష్మజీవులలో ముఖ్యమైనది న్యూమొకాకస్ అనునది. సూక్ష్మదర్శినిలో చూచినపుడు అది రెండు గింజలు జంటగా నున్నట్లు కనిపించును. దానిలో అనేకములైన తెగలున్నవి. ఒక తెగకు విరుగుడుగా గుఱ్ఱము రక్తమునుండి తీసిన సీరము మఱియొక తెగపై పనిచేయదు. కావున వైద్యులు మొదట రోగికి పట్టినది ఏ తెగయో నిర్ణయించి, ఆ పిమ్మట దానికి తగిన సీరమును ఎక్కింపవలసియుండెను. ఇట్లు తెగకును తెగకును భేదమును కలిగించుచున్నదేది? ఏవరీ పరిశోధన ఈ ప్రశ్నతో ఆరంభమయ్యెను.

ఈ జీవిచుట్టును జిగురువంటి ఒక తొడుగు కలదు. ఆ తొడుగున్నంతవఱకు మన రక్తములోని తెల్లకణములు దానిని సులభముగా పట్టి మ్రింగజాలవు. తొడుగు కోల్పోయిన న్యూమొకాకస్ వ్యాధిని కలిగింపలేదు. పాత్రలో పెంచినపుడు తొడుగుగలవి నున్నగా మెఱయు చుక్కలవలె పెరుగును. తొడుగులేనివి గరుకుగా కనిపించును. అందువలన శాస్త్రజ్ఞులు వానిని నున్ననివి, గరుకువి అని పిలిచిరి. 1923లో ఏవరీయు, మైకేల్ హైడెల్‌బర్గర్ అను రసాయనశాస్త్రజ్ఞుడును కలసి, ఆ తొడుగు చక్కెర జాతికి చెందిన పదార్థముతో నిర్మితమని తెలిపిరి. ఒక్కొక్క తెగకు ఒక్కొక్క విధమైన చక్కెరతొడుగు. జీవకోటిలోని ఇట్టి సూక్ష్మభేదములన్నియు మాంసకృత్తులవలననే కలుగునని ఆనాటి శాస్త్రజ్ఞులు నమ్మియుండిరి. చక్కెరవంటి సామాన్యపదార్థమునకు అంతటి శక్తి యుండునా అని పెక్కుమంది సందేహించిరి. ఏవరీ వాదములకు దిగక మరల మరల ప్రయోగములను చేసి చూపుచు వచ్చెను.

ఆయన రూపమును, నడవడియు ఇచ్చట కొంత చెప్పవలసియున్నది. పొట్టివాడు, సన్ననివాడు, తల పెద్దది. మాట మెత్తన. వివాహము చేసికొనలేదు. తోటి వైద్యుడైన డోషే అను మిత్రునితో కలసి అనేక సంవత్సరములు ఒకే యింట నివసించెను. సభలకు పోవుట, బిరుదులు గైకొనుట ఆయనకు రుచింపవు. ఉత్తరములకు సమాధానములు వ్రాయుటలో సోమరియే యనవలెను. కాని ప్రయోగశాలకు క్రొత్తగా వచ్చిన యువకుని ఎదుట కూర్చుండబెట్టుకొని న్యూమొకాకస్ కథను చెప్పనారంభించినచో, కళాశాలలో అభ్యసించిన వక్తృత్వమంతయు అప్పుడు బయటపడుచుండెడిది. ఎన్నిసార్లు చెప్పినను ఒక్క పలుకు తప్పక అదే ధోరణిలో సాగుటచే, శిష్యులు ఆ ప్రసంగములకు గ్రామఫోను రికార్డులని పేరుపెట్టిరి. ఆయనను వారందఱు ముద్దుగా పిలుచుకొను పేరు ఫెస్. అది ప్రొఫెసర్ అనుమాటకు కుఱుచరూపము.

1928వ సంవత్సరమున ఇంగ్లాండునుండి ఒక వింతవార్త వచ్చెను. ఫ్రెడరిక్ గ్రిఫిత్ అను ప్రభుత్వ వైద్యశాస్త్రజ్ఞుడు ఎలుకలమీద ఒక ప్రయోగము చేసెను. తొడుగులేని గరుకు న్యూమొకాకస్‌లను ఎలుకకు ఎక్కించినచో ఎలుకకు ఏ బాధయు లేదు. తొడుగుగల నున్ననివానిని వేడిచేసి చంపి ఎక్కించినను బాధలేదు. కాని బ్రదికియున్న గరుకువానిని, చచ్చిన నున్ననివానిని కలిపి ఎక్కించినపుడు ఎలుకలు చచ్చెను! వాని రక్తమును పరీక్షింపగా తొడుగుతోగూడిన న్యూమొకాకస్‌లు సజీవముగా కనిపించెను. పైగా ఆ తొడుగు చచ్చినవాని తెగకు చెందినది. చచ్చినవి బ్రదుకలేదు, బ్రదికియున్నవే చచ్చినవాని గుణమును పుచ్చుకొన్నవి. అంతటితో నిలువక, ఆ గుణమును తమ సంతతికిని అందించుచుండెను.

ఏవరీకి ఈ వార్త మొదట నమ్మశక్యము కాలేదు. న్యూమొకాకస్ తెగలు స్థిరమైనవనియు, ఒకటి మఱియొకటిగా మాఱదనియు ఆయన పదునైదేండ్లుగా నమ్మియుండెను. ఆ నమ్మకముమీదనే సీరము చికిత్స నిలిచియుండెను. ఎక్కడనో పొరపాటు జరిగియుండునని ఆయన తలచెను. కాని ఆయన ప్రయోగశాలలోనే పనిచేయుచున్న డాసన్ ఆ ప్రయోగమును తిరిగి చేసి, అది నిజమని చూపెను. తరువాత ఎలుకతో పనిలేకుండ పరీక్షనాళికలోనే ఆ మార్పు జరిగెను. 1932 ప్రాంతమున ఆలోవే అను మఱియొక శిష్యుడు నున్నని న్యూమొకాకస్‌లను పగులగొట్టి, వాని రసమును వడపోసి, జీవకణము ఒక్కటియు లేని ఆ రసముతోనే గరుకువానిని నున్ననివానిగా మార్చెను. ఆ రసములో ఆల్కహాలు పోయగా జిగురుదారములవంటి పదార్థము పేరుకొనెను. గుణమును మోయునది అందులోనే యున్నదని తేలెను. అయితే అందు చక్కెరలు, మాంసకృత్తులు, క్రొవ్వులు, న్యూక్లిక్ ఆమ్లములు అన్నియు కలసియున్నవి. వానిలో ఏది?

నమ్మనివాడే ఆ ప్రశ్నను తన సొంతము చేసికొనెను. తన పదునైదేండ్ల నమ్మకమును కాదన్న విషయమును తానే పట్టుకొని, పదియేండ్లపైగా దానికై శ్రమించుట సామాన్యము కాదు.

మధ్యలో ఆటంకములు పెక్కు కలిగెను. కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి వ్యాధివలన ఏవరీ చిక్కి శల్యమై, 1934లో శస్త్రచికిత్స పొందవలసివచ్చెను. కాలిన్ మాక్లౌడ్ అను యువవైద్యుడు ఆ పనిని చేపట్టి కొంత సాగించెను. కాని ఆ రసము మహా చపలమైనది. ఒకనాడు పనిచేయును, మఱునాడు పనిచేయదు. కారణము తెలియదు. కొన్నియేండ్లు ఆ పనిని ప్రక్కనబెట్టి, 1940లో మరల చేపట్టిరి. 1941లో మక్లిన్ మెకార్టీ వారితో చేరెను. అదే సంవత్సరమున లండనులో, మొదటి ప్రయోగము చేసిన గ్రిఫిత్ జర్మనుల బాంబుదాడిలో మరణించెను. తాను చూపిన వింతలోని రహస్యమేమో తెలిసికొను భాగ్యము ఆతనికి కలుగలేదు.

అప్పటి పనిని చూచినవారికి అది శాస్త్రశోధనకంటె పాడిపరిశ్రమను తలపించియుండును. చెంచాడు న్యూమొకాకస్‌లు చాలవు; ఒక్కొక్కమారు 75 లీటర్ల కషాయములో వానిని పెంచవలెను. పాలనుండి మీగడను వేఱుచేయు యంత్రమువంటి దానిలో పోసి గిరగిర త్రిప్పినచో, నీరు ఒకవైపునకు పోయి సూక్ష్మజీవులు ముద్దగా మిగులును. కాని ఆ యంత్రము తిరుగునపుడు కంటికి కనబడని తుంపరలు గదినిండ వ్యాపించును. ఆ తుంపరలలో నున్నది నిమోనియా! కావున యంత్రమును లోహపుపెట్టెలో గట్టిగా బిగించి నడిపిరి. ఆ ముద్దను ఉప్పునీటిలో కలిపి 65 డిగ్రీల వేడిలో అరగంటసేపు ఉంచి జీవులను చంపిరి. క్లోరోఫారముతో చిలికి మాంసకృత్తులను తొలగించిరి. ఒక ఎంజైముతో చక్కెరతొడుగును కరగించిరి.

ఈ చివరి ఎంజైముకు ఒక చిన్నకథ కలదు. చక్కెరతొడుగు నేలలో ఎక్కడనో కుళ్లి నశించుచుండవలెను గదా, దానిని తినివేయు జీవి మట్టిలో తప్పక యుండునని ఏవరీయు, ఆయన శిష్యుడు రెనే డ్యూబోయు తలచిరి. డ్యూబో బురదనేలల మట్టిని వెదకి అట్టి జీవిని పట్టి, 1930లో దాని ఎంజైమును వెలువరించెను. రోగులను రక్షించుటకై కనుగొన్న ఆ ఎంజైము తుదకు ఈ రహస్యమును విప్పుటకు తోడ్పడెను.

అన్నియు తొలగించిన పిదప, ఆల్కహాలును మెల్లగా పోయుచు గాజుకడ్డీతో త్రిప్పగా, తెల్లని సన్నని దారములు కడ్డీకి చుట్టుకొనెను. 75 లీటర్లనుండి లభించినది 10 మొదలు 25 మిల్లీగ్రాములు మాత్రమే. ఆ కొంచెమును 60 కోట్ల వంతుల నీటిలో కలిపినను, గరుకు న్యూమొకాకస్‌లను నున్ననివానిగా మార్చుచుండెను. మాంసకృత్తులను జీర్ణింపజేయు ఎంజైములను దానిలో వేసిరి, శక్తి చెడలేదు. ఒక జాతి న్యూక్లిక్ ఆమ్లమును నాశనముచేయు ఎంజైమును వేసిరి, అప్పటికిని చెడలేదు. రెండవ జాతి న్యూక్లిక్ ఆమ్లమును, అనగా నేడు మనము డి.ఎన్.ఏ. అని పిలుచుదానిని, నాశనముచేయు ఎంజైమును వేసినంతనే శక్తి పూర్తిగా నశించెను. నత్రజని, భాస్వరముల పాళ్లును డి.ఎన్.ఏ.కు సరిపడెను. ఇక సందేహమునకు చోటెక్కడ? అయినను ఏవరీ తొందరపడలేదు. ప్రతి ప్రయోగమును మరల చేయించెను.

1943 మే నెలలో నాష్‌విల్‌నందు అధ్యాపకుడుగా నుండిన తమ్ముడు రాయ్‌కి ఆయన ఒక దీర్ఘమైన లేఖను వ్రాసెను. ఉత్తరములు వ్రాయుటకు బద్ధకించు మనుష్యుడు ఆ రాత్రి కాగితముల వెంబడి కాగితములు నింపెను. ఈ పదార్థము జన్యువే కావచ్చునను తలంపును, లోకమునకు వెల్లడింపుటకు సంకోచించిన మాటను, తమ్మునికి చెప్పుకొనెను. 1944 ఫిబ్రవరిలో ఏవరీ, మాక్లౌడ్, మెకార్టీల వ్యాసము ప్రకటితమయ్యెను. అప్పటికి ఏవరీకి 66 ఏండ్లు. ఆ వయస్సున చేసిన పరిశోధనలలో ఇంతటిది మఱియొకటి కనిపించుట అరుదు.

లోకము దానిని వెంటనే అంగీకరింపలేదు. డి.ఎన్.ఏ.లో మిగిలిపోయిన కొంచెము మాంసకృత్తే ఈ పని చేసియుండునని అదే సంస్థలోని పెద్దలు కొందఱు వాదించిరి. 1945లో ఇంగ్లాండులోని రాయల్ సొసైటీవారు ఆయనకు కోప్లీ పతకమును ప్రకటించిరి. ఏవరీ సముద్రము దాటి పోలేదు. ఆ సంస్థకు అధ్యక్షుడుగా నుండిన సర్ హెన్రీ డేల్ స్వయముగా న్యూయార్కునకు వచ్చి, ప్రయోగశాలలో పనిచేసికొనుచున్న ఆయనకు పతకమును అందజేసెను. నోబెల్ బహుమానము మాత్రము ఎన్నిసార్లు పేరు సూచింపబడినను రాలేదు. ఆ బహుమానమును ఇచ్చువారి నిర్ణయములలో ఇది పెద్ద లోపమని పలువురు శాస్త్రజ్ఞులు తరువాత అభిప్రాయపడిరి. మనమును అట్లే తలంపవచ్చును.

ఇంతలో పెనిసిలిన్ వచ్చెను. ఏవరీ తన జీవితమును ధారపోసిన సీరము చికిత్స మూలబడెను. రెండుమూడు సూదిమందులతో నిమోనియా జ్వరము దిగజొచ్చెను. ఆ వ్యాధి కథ ముగిసినదని జనులు సంతోషించిరి. కాని సూక్ష్మజీవుల కథ ముగియలేదు.

పెనిసిలిన్‌ను కొంచెము కొంచెముగా రుచిచూపుచు పెంచినచో, న్యూమొకాకస్‌లలో కొన్ని దానికి లొంగకుండ బ్రదుకుట ప్రయోగశాలలో కనబడుచుండెను. ఏవరీ శిష్యకోటిలోనివాడైన రోలిన్ హాచ్‌కిస్ 1951లో ఒక ప్రయోగమును ప్రకటించెను. పెనిసిలిన్‌కు లొంగని న్యూమొకాకస్‌లనుండి డి.ఎన్.ఏ.ను తీసి, లొంగువానికి అందించెను. పెనిసిలిన్ రుచి ఎన్నడు చూడనివి గూడ వెంటనే దానిని ఎదుర్కొను శక్తిని పొందెను. చక్కెరతొడుగు ఏ దారిని వచ్చినదో, మందును ఎదిరించు శక్తియు ఆ దారినే వచ్చెను. అప్పటికి ఏవరీ ఉద్యోగమును విరమించి మూడేండ్లయ్యెను.

దీని భావమును కొంత విడమరచి చూతము. మనుష్యులలో గుణములు తల్లిదండ్రులనుండి బిడ్డలకు మాత్రమే వచ్చును. ప్రక్కింటివాని కంటిరంగు మనకు అంటుకొనదు. సూక్ష్మజీవులలో అట్లు కాదు. ఒకటి చచ్చి పగిలినపుడు దాని డి.ఎన్.ఏ. తునకలు చుట్టుప్రక్కల తేలియాడును. వేఱొకటి ఆ తునకను లోనికి లాగుకొని, తన డి.ఎన్.ఏ.లో అతికించుకొనును. ఆ తునకలో మందును గెలుచు ఉపాయము వ్రాసియున్నచో, అది దాని సొత్తగును. పిదప దాని సంతతి అంతటికిని చెందును. ఏవరీ చూపిన దారి ఇది. దారులు మఱికొన్ని యున్నవి. రెండు సూక్ష్మజీవులు ఒకదాని నొకటి తాకి, సన్నని మార్గముగుండ డి.ఎన్.ఏ.ను ఇచ్చిపుచ్చుకొనును, దీనిని 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ అనువారు కనుగొనిరి. సూక్ష్మజీవులను పట్టు వైరస్‌లును ఒకదానినుండి మఱియొకదానికి డి.ఎన్.ఏ.ను మోసికొనిపోవును.

ఈ రెండవ దారి ఎంత భయంకరమో జపాను దేశములో తెలిసెను. అక్కడ 1950 తరువాత రక్తవిరేచనముల వ్యాధి సల్ఫా మందు, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ అను నాలుగింటికిని ఒక్కసారిగా లొంగకపోవుట కనిపించెను. టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు అధిపతిగా నుండిన లెడర్లీ ప్రయోగశాలలో వెలువడి 1948లో లోకమునకు వచ్చినది. పదియేండ్లు తిరుగకమున్నే ఆ జాతి మందునకు ఇట్టి గతి పట్టెను. ఒక మందునకు అలవాటుపడిన జీవి నాలుగింటికి ఎట్లు అలవాటుపడెను? ఆ రోగుల ప్రేగులలో సహజముగా నివసించు, హానిచేయని మఱియొక జాతి సూక్ష్మజీవులును ఆ నాలుగు మందులకే లొంగకుండెను. రెండింటిని ఒక నాళికలో కలిపి చూచిన జపాను శాస్త్రజ్ఞులు, నాలుగు శక్తులును ఒక్క మూటగా ఒకదానినుండి వేఱొకదానికి పోవుచున్నవని 1959లో వెల్లడించిరి. ఆ మూట డి.ఎన్.ఏ.తో నేర్పడిన చిన్న వలయము. మందు వాడినకొలది, ఆ వలయముగల జీవులే మిగిలి వృద్ధిపొందుచుండెను.

ఏవరీ ఈ వార్తను వినలేదు. 1948లో ఆయన న్యూయార్కును విడిచి, తమ్ముని కుటుంబమునకు దగ్గఱగా నుండవలెనని నాష్‌విల్ చేరి, 1955 ఫిబ్రవరి 20వ తేదీన అక్కడనే కన్నుమూసెను. డి.ఎన్.ఏ. నిర్మాణమును వాట్సన్, క్రిక్ అనువారు 1953లో తెలిపినపుడు ఆయన జీవించియే యుండెను. పదేండ్ల తరువాత, 1965లో, రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమువారు తమ ఆవరణకు ఏవరీ పేర ఒక ద్వారమును నిర్మించిరి.

ఆ ద్వారము నిలిపిన రెండేండ్లకు, 1967లో, పెనిసిలిన్‌కు సరిగా లొంగని న్యూమొకాకస్ ఆస్ట్రేలియాలో ఒక రోగియందు కనబడెను. 1977లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరమున పసిపిల్లలు అట్టి జీవులవలన మరణించిరి. ఆ జీవులు ఈ శక్తిని ఎక్కడ సంపాదించెనని తరువాతి శాస్త్రజ్ఞులు వెదకిరి. పెనిసిలిన్ న్యూమొకాకస్‌లోని కొన్ని ఎంజైములకు అంటుకొని, అది తన గోడను కట్టుకొనకుండ చేయును. మందునకు లొంగని జీవులలో ఆ ఎంజైముల జన్యువులు అతుకుల బొంతవలె నుండెను. కొంతభాగము న్యూమొకాకస్ సొంతము; కొంతభాగము మన నోటిలో ఏ హానియు చేయక నివసించు దాని దాయాదులది. చచ్చిన దాయాదుల డి.ఎన్.ఏ. తునకలను అది మన గొంతులోనే గ్రహించి, తన జన్యువులలో కుట్టుకొనెను. గ్రిఫిత్ ఎలుకలోను, ఏవరీ నాళికలోను జరిగినదే మనుష్యుల గొంతులలో మందులకు విరోధముగా జరిగెను.

అయినను ఏవరీ చేసిన మొదటి పని వ్యర్థము కాలేదు. చక్కెరతొడుగును మాత్రమే ఎక్కించినచో పసిబిడ్డల శరీరము దానిని శత్రువుగా గుర్తింపజాలదు. ఏవరీయు, వాల్తర్ గోబెల్ అను రసాయనశాస్త్రజ్ఞుడును కలసి, ఆ చక్కెరను ఒక మాంసకృత్తునకు జోడించి ఎక్కించినచో కుందేలు శరీరము దానిని గుర్తించి ఎదుర్కొనునని 1931 నాటికే చూపియుండిరి. ఎన్నో దశాబ్దములు మఱుగునపడియున్న ఆ ఉపాయముతోనే నేటి న్యూమొకాకస్ టీకా తయారగుచున్నది. టీకా పొందిన బిడ్డకు వ్యాధియే రానిచో, పెనిసిలిన్‌తో పనియే యుండదు. మన దేశమున ప్రభుత్వమువారు ఈ టీకాను 2017లో కొన్ని రాష్ట్రములలో ఆరంభించి, 2021లో దేశమంతటికి విస్తరింపజేసిరి. పసిబిడ్డకు ఆఱు వారములు నిండినపుడు ఒకటి, పదునాలుగు వారములకు ఒకటి, తొమ్మిది నెలలకు ఒకటి చొప్పున, తొడపైని చిన్నసూదితో దీనిని వేయుచున్నారు.